మామ కంప్యూటరుకు నేను చేసిన మేలు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. ఈ మూడు ఊళ్ళలోనూ నేను ఈనాటికీ తలెత్తుకుని నడవలేని వీధి ఊరికొకటి ఉంది. దొంగతనం చేసి కాదు, తాగి పడిపోయి కాదు, ఎవరి అమ్మాయికో ఉత్తరం రాసి కూడా కాదు. ఒక ముసలి కంప్యూటరుకు మేలు చేయబోయి ఈ గతి పట్టింది. ఆ మూడు ఊళ్ళనూ కలుపుతూ రైలు పట్టాలు వేసినవాళ్ళు, ఒక మనిషి పరువు మూడుచోట్లా వరసగా పోవడానికి వీలుగా ఉండాలని వేసి ఉండరు గానీ, నాకు మాత్రం అందుకే పనికొచ్చాయి. ముందే చెబుతున్నాను, ఇందులో నేను గెలిచే ఘట్టం ఒక్కటీ లేదు. నవ్వు వస్తే నవ్వుకోండి, వద్దనే అర్హత నాకు లేదు.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి మూడో నాలుగో ఏళ్ళయింది. హిందూపురంలో కంప్యూటర్ డిప్లొమా ఆఖరి ఏడు చదువుతున్నాను. మా లెక్చరర్ ఒకాయన క్లాసులో లినక్స్ గురించి చెప్పాడు. సాఫ్ట్‌వేర్ ఒకడు తాళం వేసి దాచుకునేది కాదు, నలుగురూ వాడుకోవాలి, నలుగురికీ పంచాలి, లోపల ఏముందో విప్పి చూడాలి, తప్పుంటే దిద్దాలి, దిద్దినదాన్ని మళ్ళీ అందరికీ ఇవ్వాలి అన్నాడు. మిగతావాళ్ళు నోట్సులో రాసుకున్నారు. నేను నెత్తికెక్కించుకున్నాను. ఒక కంప్యూటర్ పత్రికతో ఉచితంగా వచ్చిన మూడు లినక్స్ సీడీలు సంపాదించి, వాటిని సంచిలో పెట్టుకుని ఊరంతా తిరిగాను.

ఆ రోజుల్లో నన్ను భరించినవాళ్ళకు చేతులెత్తి మొక్కాలి. బస్టాండు దగ్గర టీ కొట్టాయన "ఏమప్పా, చక్కెర తక్కువ ఎయ్యాల్నా?" అని అడిగితే చాలు, మొదలుపెట్టేవాణ్ణి.

"అన్నా, నీ టీ ఎట్ల చేస్తావో జనానికి చెప్తావా? చెప్పవు. అదే తాళం వేసిన సాఫ్ట్‌వేర్ పద్ధతి!"

"నీళ్ళు, పాలు, టీపొడి. ఇంగేముంటాదప్పా దాంట్లో?"

"చూడు, ఇప్పుడు చెప్పినావు కదా! ఇదే స్వేచ్ఛ!"

పాపం ఆయన, తర్వాత తర్వాత నేను రోడ్డు దాటుతుంటేనే చూసి గోడ వైపు తిరిగి గ్లాసులు కడగడం మొదలుపెట్టేవాడు. దాన్ని కూడా నేను నా వాదానికి జవాబు లేకపోవడం అనుకున్నాను. ఇరవై ఏళ్ళ వయసు ఎంత ప్రమాదమో ఆ వయసులో ఉన్నవాడికి తప్ప అందరికీ తెలుస్తుంది.

సెలవులిచ్చారు. ధర్మవరంలో మా ఓబులేసు మామ ఇంటికి వెళ్ళాను. మామ అంటే మా అమ్మకు తమ్ముడు. పట్టుచీరల అంచులకూ కొంగులకూ డిజైన్లు గీయడం ఆయన పని. గళ్ళ కాగితం మీద ఒక్కో గడి ఒక్కో పోగు. ఆ గళ్ళను బట్టి అట్టలకు బొక్కలు కొడతారు. అట్టల వరస మగ్గం నెత్తిన తిరుగుతుంటే బొక్క ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. పూలూ పక్షులూ చీర మీదికి అలా వస్తాయి. ముప్పై ఏళ్ళు ఆ గళ్ళు చూసి చూసి మామ కళ్ళు పాడైపోయాయి. ఇంక పని మానేయాలేమో అని దిగులుపడుతున్న రోజుల్లో బెంగళూరు నుంచి ఒక పాత కంప్యూటరు కొనుక్కొచ్చాడు. దాంట్లో గడిని అరచేయంత పెద్దది చేసుకోవచ్చు. మామకు పోయిన బతుకు తిరిగి వచ్చినట్టయింది. మూడేళ్ళుగా డిజైన్లన్నీ అందులోనే గీస్తున్నాడు. పాత గళ్ళ కాగితాల కట్టలను మా అత్త నీళ్ళపొయ్యిలోకి వాడేసింది.

నేను వెళ్ళేసరికి మామ కంప్యూటరు ముందు రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"వచ్చినావా అల్లుడా! ఇది చూడరా, పొద్దున్నించీ రెండుతూర్లు ఆగిపాయ. వైరస్ అంట. దీన్ని రిపేరు చేసే బెంగళూరాయప్ప వచ్చే వారం గానీ రాడంట."

తెర మీద ఒక కొంగు డిజైన్ ఉంది. హంసలు. బారుగా, మెడలు వంచుకుని, ఒకదాని వెనక ఒకటి నడుస్తున్నాయి. నాకు పట్టుచీరల బొమ్మల గురించి ఏమీ తెలియదు. అయినా ఒక నిమిషం నోరు మూసుకుని చూశాను. అప్పట్లో నేను అంతసేపు నోరు మూసుకోవడం అరుదు.

"ఎవరిది మామా ఇది?"

"పెనుకొండ సరోజమ్మది. టీచరమ్మ. బిడ్డ పెండ్లి పన్నెండు దినాలుండాది. వాళ్ళమ్మ పెండ్లిచీర కొంగురా ఇది. చీర పీలికలు పీలికలైపోయి ఉండె. రెండు నెల్లు కూసోని ఒక్కో పోగూ లెక్కబెట్టి ఎక్కించినా. వాళ్ళమ్మ చచ్చిపాయ కదా, 'మనవరాలి పెండ్లికి మా అమ్మ రాలేదు, ఆమె కొంగన్నా రావాల సామీ' అని ఏడ్చె ఆయమ్మ. గంగన్న మగ్గం మీద చీర అంతా అయిపాయ. కొంగొకటే బాకీ. ఎల్లుండి దీనికి అట్టలు కొట్టాల."

గంగన్న అంటే పక్కింటి నేతగాడు. మామ డిజైన్లు ఎక్కువగా ఆయన మగ్గం మీదే నేస్తారు. ఇంత చెప్పాక బుద్ధి ఉన్నవాడెవడైనా "అట్టలు కొట్టేదాకా ఈ పెట్టెను ముట్టుకోవద్దు మామా" అంటాడు. నేను సంచిలోంచి మూడు సీడీలు బయటికి తీశాను.

"మామా, నీకు వైరస్ బాధ లేకుండా చేస్తా. దీంట్లో లినక్స్ ఎక్కిస్తా. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ కూడా దాంట్లోనే ఉండాది. పైసా ఖర్చు లేదు. బెంగళూరాయన కాళ్ళు పట్టుకునే పని లేదు."

మామ అనుమానంగా చూశాడు. "పాతవి పోవు కదా?"

ఇక్కడ నేను ఇచ్చిన జవాబు మీరు జాగ్రత్తగా వినాలి. నా పతనం మొత్తం ఈ జవాబులోనే ఉంది.

నేత ఇళ్ళ మధ్య పెరిగినవాణ్ణి కదా, మగ్గం ముచ్చట నాకు కొంత తెలుసు. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోతే పాతవన్నీ పీకేసి మళ్ళీ మొదటినుంచి ఎక్కించరు. నేసిన చీర కోసి తీసేస్తారు, పాత పడుగు కొసలు మగ్గంలోనే అట్లాగే ఉంచుతారు. కొత్త పడుగు తెచ్చి ఆ కొసలకు ఒక్కో పోగూ కలిపి మెలిపెట్టి అతుకుతారు. పాతదాన్ని పట్టుకునే కొత్తది లోపలికి వస్తుంది.

"మామా, పడుగు అయిపోతే మీరేం చేస్తారు? పాత కొసలకు కొత్తది అతుకుతారు కదా. ఇదీ అంతే. పాత సిస్టం కొసలకు ఇది అతుక్కుంటుంది. నీ డిజైన్లు యాడివి ఆడే ఉంటాయి."

మామ ముఖం వెలిగిపోయింది. ఇన్నేళ్ళలో కంప్యూటర్ గురించి ఆయనకు అర్థమయ్యేలా చెప్పినవాణ్ణి నేనొక్కణ్ణే. అత్తను పిలిచాడు. "చూడు మే, పడుగు అతికినట్టేనంట! చదువుకున్నోడు చదువుకున్నోడే!" అత్త నాకు ఇంకో రెండు బజ్జీలు వేసింది. అసలు ఘోరం ఏమిటంటే, ఆ పోలిక మామకే కాదు, నాకూ నచ్చింది. నోటికొచ్చి చెప్పినదాన్ని నేనే నమ్మేశాను.

సీడీ వేశాను. కాసేపటికి కంప్యూటరు మూడు దారులు చూపించి ఏదో ఒకటి ఎంచుకోమంది. ఒకటి, డిస్కులో ఉన్న భాగాలన్నీ తీసెయ్యడం. రెండు, పాత లినక్స్ భాగాలు మాత్రం తీసెయ్యడం. మూడు, ఉన్నవి ఉంచి ఖాళీ జాగాలో ఎక్కించడం. మూడోది నొక్కితే జాగా చాలదంది. రెండోది నొక్కితే అసలు లినక్స్ ఎక్కడుందని అడిగినంత పని చేసింది. మిగిలింది మొదటిది. "అన్నీ తీసెయ్యడం" అని ఉంది కదా, అనుమానం రాలేదా అని మీరడగొచ్చు. వచ్చింది. కానీ మగ్గం మీద కూడా చీర కోసి తీసేస్తారు, కొసలు ఉంటాయి కదా! తీసేసేది నేసిన గుడ్డనే అయ్యుంటుంది అనుకున్నాను. కంప్యూటరు మర్యాదగా ఇంకోసారి అడిగింది, ఇది తిరిగి రాదు, ఖాయమేనా అని. నేను మీసం మెలేసి అవునని నొక్కాను. అప్పటికి నాకు మీసం సరిగా రాలేదు కూడా.

గంటన్నర పట్టింది. తెర మీద కొత్త రంగులు, కొత్త బొమ్మలు. మామ కళ్ళజోడు తుడుచుకుని ముందుకు వంగాడు.

"బలే ఉండాదే! సరే, హంసలు తెరువు."

తెరిచాను. అంటే, తెరవబోయాను. ఫైళ్ళ అర ఒకటి తెరిచాను, ఖాళీ. ఇంకో అర, ఖాళీ. పేరు పెట్టి వెతికాను, లేదు. చిన్న అక్షరాలతో, పెద్ద అక్షరాలతో వెతికాను. డిస్కు ఎంత ఖాళీగా ఉందో చూశాను. చాలా ఖాళీగా ఉంది.

"ఏమిరా, ఇంకా అతుక్కుంటాండాదా?" అన్నాడు మామ, ఓపికగా.

"ఉండు మామా, ఇప్పుడే వస్తా" అని ఎస్టీడీ బూత్‌కు పరిగెత్తి మా లెక్చరర్‌కు ఫోన్ చేశాను. విషయం చెప్పాను. ఆయన ఒకే ప్రశ్న వేశాడు.

"ముందు వేరేచోట కాపీ తీసుకున్నావా?"

"లేదు సార్. పడుగు అతికినట్టు..."

"ఏం అతికినట్టు?"

"ఏంలేదు సార్."

"క్లాసులో నాలుగుసార్లు చెప్పాను కదయ్యా, ముందు కాపీ తీసుకోవాలని. ఆ రోజు నువ్వు వచ్చావా?"

వచ్చాను. పక్కవాడికి స్వేచ్ఛ గురించి బోధిస్తూ ఉన్నాను.

మామకు నిజం చెప్పిన క్షణం గురించి ఎక్కువ రాయలేను. ఆయన తిట్టలేదు. కొట్టినా బాగుండేది. కళ్ళజోడు తీసి ఒడిలో పెట్టుకుని, ఏమీ కనబడని కళ్ళతో తెర వైపు చూస్తూ, "మూడేండ్లురా అల్లుడా" అన్నాడు. అంతే. అత్త వంటింట్లోంచి వచ్చి నా ముందు మిగిలిన బజ్జీల పళ్ళెం తీసుకుపోయింది. నాకు అప్పుడే ఏదైనా రైలు కింద తల పెట్టాలనిపించింది. మర్నాడు రైలు ఎక్కాం గానీ, తల లోపలే ఉంది.

రైలు ఎందుకంటే, ఒక్క ఆశ మిగిలింది. మిగతా డిజైన్లు నేసిన చీరల మీదున్నాయి, ఎప్పటికైనా చూసి గీసుకోవచ్చు. హంసల కొంగు ఇంకా నేయలేదు. కానీ ఆ పాత చీర సరోజమ్మ ఇంట్లో ఉంటుంది కదా. పీలికలైనా పరవాలేదు. పొద్దున్నే పాసింజర్ ఎక్కి పెనుకొండలో దిగాం. దారిలో మామ ఒక్కటే మాట అన్నాడు. "ఆయమ్మకు పోయిందని చెప్పొద్దు. రంగు చూసుకోవాల అని అడుగుదాం."

సరోజమ్మ మనిషి సన్నగా, పొడుగ్గా, గొంతు మాత్రం వెనక బెంచీదాకా వినపడేలా ఉంటుంది. మమ్మల్ని చూసి సంబరపడిపోయింది. "రాండి, రాండి! కొంగు నేసేసినారా అప్పుడే?"

"ఇంగా లేదమ్మా. జరీ రంగు ఒక్కతూరి చూసుకుందామని... ఆ పాత చీర ఉండాది కదా?"

"అదెందుకు సామీ ఇప్పుడు? ఇచ్చేస్తిని కదా."

మామ గుమ్మం పట్టుకుని అడిగాడు. "ఎవరికి?"

"హిందూపురంలో పాత జరీ కొనేవాళ్ళకు. మీరే కదా అంటిరి, 'ఇంగ కంప్యూటర్లో ఉండాదమ్మా, యాడికీ పోదు' అని. ఆ చీర కట్టేదానికీ లేదు, దాచేదానికీ లేదు, ఎలకలు చేరతాండె. ఆ వెండితో బిడ్డకు కుంకుమ భరిణె చేయిస్తాండా. కొంగు చీర మీద, వెండి చేతిలో. మా అమ్మ రెండు పక్కలా ఉన్నట్టుంటుంది."

అంటూ నవ్వింది. మామ నా వైపు చూడలేదు. ఆమె బొరుగులు తాలింపు వేసి ఉగ్గాని చేసి పెట్టింది. నేను తిన్నాను. అడిగి మరీ రెండోసారి పెట్టించుకున్నాను, ఎందుకంటే నోరు ఖాళీగా ఉంటే నిజం చెప్పేస్తానేమోనని భయం.

"ఎప్పుడిచ్చినారమ్మా?" అన్నాడు మామ.

"మొన్న బేస్తవారం."

మేం చెప్పులు సరిగా తొడుక్కోకుండానే బయటపడ్డాం. హిందూపురం చేరేసరికి మధ్యాహ్నం. పాత జరీ కొనే ఆయన కొట్టు ఒక సన్నటి సందులో ఉంది. జరీ చీరలను కాల్చి వెండి తీస్తారు, అది తెలిసిందే. కాల్చకుండా నాలుగు రోజులు ఉంచి ఉంటాడనేది మా ప్రార్థన. దారిలో నేను గుర్తున్న దేవుళ్ళందరికీ మొక్కాను.

"పెనుకొండ టీచరమ్మ చీరా? యాకప్పా, ఏమైనా తక్రారా?" అన్నాడు ఆయన, కన్నడం కలిసిన తెలుగులో.

"తక్రారు ఏం లేదన్నా. ఒక్కతూరి చూడాల."

"చూడు" అని సొరుగు లాగి, కాగితం పొట్లం విప్పి నా అరచేతిలో పోశాడు. రేగుపండంత వెండి ముద్ద. మెరుస్తోంది. "ఇదే ఆయమ్మ చీర. కంసాలికి ఇయ్యల్ల. బాగా దిగింది, మంచి జరీ."

నేను ఆ ముద్దను అటూ ఇటూ తిప్పి చూశాను. ఎందుకు తిప్పానో నాకే తెలియదు. హంస ఏదో ఒకపక్క కనబడుతుందనుకున్నానేమో. ఫైళ్ళను కుదించి చిన్నవి చేయడం గురించి నేను పరీక్షలో పేజీన్నర రాశాను గానీ, ఇంతకన్నా గట్టిగా కుదించిన కొంగును నేను ఎరగను. మామ నా చేతిలోంచి ఆ ముద్దను తీసుకుని, కళ్ళకు అద్దుకుని, తిరిగి ఇచ్చేశాడు.

తిరుగు ప్రయాణంలో ధర్మవరం దాకా ఆయన కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. స్టేషన్ వస్తుండగా అన్నాడు. "రెండు నెల్లు లెక్కబెట్టినా కదరా. చేతికి గుర్తుండాదేమో. నువ్వు గీయి, నేను చెప్తా."

అలా మొదలైంది ప్రాయశ్చిత్తం. లినక్స్‌లో బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ తెరిచి, గళ్ళు చేసుకుని, నేను మౌస్ పట్టుకుని కూర్చున్నాను. మామ పక్కన కళ్ళు మూసుకుని కూర్చుని చెప్పసాగాడు. "రెండు ఎత్తు. మూడు వదులు. ఒకటి ఎత్తు. ఐదు వదులు." నాలుగు రోజులు. పొద్దున మొదలుపెడితే దీపాలు పెట్టేవేళకు ఆపేవాళ్ళం. ఆయనకు ఎంత గుర్తుందో చూస్తే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పైన రుద్రాక్ష వరస వచ్చింది, కింద గోపురాల్లా లేచే కోపురం అంచు వచ్చింది, మధ్యలో తీగ వచ్చింది. అన్నీ వచ్చాయి. హంస దగ్గర ఆగిపోయాడు.

"హంస నాకు పోగుల్లో గుర్తు లేదురా. దాన్ని చూస్తా గీసినా, లెక్కబెట్టలేదు. యాడన్నా హంస బొమ్మ చూసి గీయి, నేను దిద్దుతా."

హంస బొమ్మ కోసం వీధి మొత్తం తిరిగాను. ప్రతి ఇంట్లో దేవుడి క్యాలెండరు ఉంది. నెమలి ఉంది, ఏనుగు ఉంది, సింహం ఉంది, ఎలుక ఉంది. హంస లేదు. సరస్వతి పటం ఉండేది బడిలో, బడికి సెలవులు. పట్టు నేసే వీధిలో గోడలన్నీ లక్ష్మీదేవివే. నిరాశతో తిరిగొచ్చి కంప్యూటరు ముందు కూలబడ్డాను. అప్పుడు కనబడింది, తెర మీద ఒక మూల. లినక్స్ గుర్తు. పొట్ట తెల్లగా, ముక్కు పచ్చగా, కాళ్ళు చాచుకుని కూర్చున్న పెంగ్విన్.

అది పక్షే కదా. ముక్కుంది, రెక్కుంది. మెడ ఒక్కటి సాగదీస్తే హంస కాదా అనుకున్నాను. దాన్ని చూస్తూ గీశాను. మెడ సాగదీశాను కూడా, రెండు గళ్ళు. అంతకన్నా సాగదీస్తే పైన రుద్రాక్షలకు తగులుతోంది.

మామ అడిగాడు. "ముక్కుండాదా?"

"ఉండాది మామా."

"పొట్ట?"

"బాగా ఉండాది మామా."

"మెడ?"

"అదీ ఉండాది."

అబద్ధం కాదు, ఉంది. ఆయన చూడలేదా అంటారు. చూశాడు. పెద్దది చేస్తే ఆయనకు గళ్ళు కనబడతాయి గానీ పక్షి కనబడదు. చిన్నది చేస్తే పక్షి ఉంటుంది గానీ ఆయనకు కనబడదు. నా కళ్ళు బాగానే ఉన్నాయి కదా అంటారా? రెండు రోజులు ఒకే పక్షిని తదేకంగా చూస్తే, అది హంసే అని ప్రమాణం చేసే స్థితికి వస్తారు. నేను వచ్చాను.

అట్టలు కొట్టారు. గంగన్న మగ్గం ఎక్కాడు. ఆయన మగ్గం మీద చీర బోర్లా నేస్తారు, మంచివైపు కిందికి ఉంటుంది. పైనుంచి చూస్తే జరీ పోగుల చిక్కు తప్ప బొమ్మ తెలియదు. పెళ్ళి రేపనగా చీర కోసి, నేరుగా మడత పెట్టి మా చేతికిచ్చాడు. మడత విప్పి చూసుకునే వ్యవధి లేదు. నేనూ మామా మధ్యాహ్నానికి పెనుకొండ చేరాం.

పెళ్ళివాళ్ళ ఇల్లు. పందిరి వేస్తున్నారు. సరోజమ్మ చేతులు కడుక్కుని, చాప పరిచి, చీరకు దండం పెట్టి కొంగు విప్పింది.

మూడు వరసలు. ఒక్కో వరసకు పద్నాలుగు. పట్టు మీద, మేలైన జరీతో, బొద్దుగా, తృప్తిగా కూర్చున్న నలభైరెండు పెంగ్విన్లు.

మామ వంగి, కళ్ళు చిట్లించి, వేలితో ఒకదాని మెడ కోసం తడిమాడు. దొరకలేదు.

"మా అమ్మ కొంగులో హంసకు మెడ ఇట్లుంటాది" అంది సరోజమ్మ మెల్లగా. మోచేయి పైకెత్తి మణికట్టు వంచి చూపించింది. "ఇది... ఏం పక్షప్పా?"

మామ నోరు తెరవబోయాడు. తప్పు తన మీద వేసుకోబోతున్నాడని ఆయన ముఖం చూస్తేనే తెలిసింది. అది నేను భరించలేకపోయాను. మొత్తం చెప్పేశాను. సీడీలు, పడుగు, అన్నీ తీసెయ్యడం, రంగు చూసుకోవాలన్న అబద్ధం, వెండి ముద్ద, సరస్వతి పటం. చివరికి "పెంగ్విన్ మేడం. మంచులో ఉంటుంది" అన్నాను.

"మూడో తరగతిలో చెప్తా నేను. తెలుసు" అంది ఆమె.

ఆమె అరవలేదు. చాప మీద కూర్చుండిపోయి, కొంగు చివర కళ్ళకు ఒత్తుకుని ఏడ్చింది. తన చీర కొంగు కాదు, ఆ పెంగ్విన్ల కొంగే. ఇంకో చీర కొనడానికి వ్యవధి లేదు. మర్నాడు పెళ్ళికూతురు ఆ చీరే కట్టుకుంది. సరోజమ్మ తనే దగ్గరుండి కొంగును పక్షులు లోపలికి పోయేలా మడిచి పిన్నులు పెట్టింది. తాళి కట్టే వేళకు ఒక్క పిన్ను ఊడి, అమ్మాయి భుజం మీద ఒకే ఒక పెంగ్విన్ బయటికి వచ్చి అక్షింతలు వేయించుకుంది. నేను వెనక స్తంభం చాటున నిలబడ్డాను. భోజనానికి కూర్చోలేదు.

కథ ఇక్కడితో ఆగితే నా బాధ నాకుండేది. ఆగలేదు. ఆ చీర నేసిన అట్టలు గంగన్న దగ్గర ఉండిపోయాయి. ధర్మవరంలో ఒక మగ్గం మీద కొత్త బొమ్మ కనబడితే పది రోజుల్లో పక్క వీధిలో ఉంటుంది. ఎవరో అడిగారు, గంగన్న ఇచ్చాడు. మామ మండిపడ్డాడు.

"మన డిజైన్ కాపీ కొడతాండారురా!"

మామ నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వే కదరా చెప్తివి, అందరికీ పంచాల, తప్పుంటే దిద్దుకోవాల అని?"

దిద్దుకున్నారు. ఒక నేతగాడు పొట్ట లావుగా ఉందని రెండు పోగులు తగ్గించాడు. ఇంకొకాయన కాళ్ళు బాగాలేవని కిందికి దించాడు. తర్వాత ఒక ముసలాయన, కుర్రతనంలో వాళ్ళ నాయన మగ్గం మీద ఇలాంటి కొంగు నేసినట్టు గుర్తొచ్చి, "మెడ ఇది కాదప్పా" అని రుద్రాక్ష వరసను పైకి జరిపించి మెడ వంచాడు. ఇవన్నీ నాకు చాలా తర్వాత తెలిశాయి. నేను అప్పుడు హిందూపురంలో పరీక్షలు రాస్తూ, లినక్స్ అన్న మాట నోటితో అనకుండా బతుకుతున్నాను.

ఆరు నెలల తర్వాత నేను ధర్మవరంలో ఉండగా సరోజమ్మ మామ ఇంటికి వచ్చింది. నేను పెరట్లోకి పారిపోబోయాను. "ఏమప్పా ఇంజినీరూ, ఈడికి రా" అంది. బడిపిల్లవాడిలా వచ్చి నిలబడ్డాను. సంచిలోంచి ఒక కొత్త పట్టుచీర తీసి చాప మీద కొంగు పరిచింది. హంసలు. బారుగా, మెడలు వంచుకుని, ఒకదాని వెనక ఒకటి.

మామ మోకాళ్ళ మీద కూర్చుని, ముక్కు చీరకు ఆనేదాకా వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "ఇదే" అన్నాడు. "ఇదేనమ్మా. ఒక్క పోగు తేడా లేదు. యాడ దొరికె?"

"హిందూపురంలో. అంగట్లో, మామూలుగా మడత పెట్టి ఉండారు. అడిగితే ధర్మవరం నుంచి ఇవే వస్తాండాయంట." ఆమె హంస మెడ మీద వేలు పెట్టి నిమిరింది. కళ్ళల్లో నీళ్ళున్నాయి. నోరు మాత్రం టీచరుదే. "మనవరాలి పెండ్లికి రావాల్సిన మా అమ్మ ఆరు నెల్లు ఆలిస్యంగా వచ్చె. వస్తే వచ్చె గానీ, టికెట్టు దుడ్లు మళ్ళా నాతోనే పెట్టిస్తివి కదప్పా!"

నేను చాప ముందు సాష్టాంగపడ్డాను. ఆ తర్వాత స్నానం చేసి, తూర్పుకు తిరిగి, మామనూ అత్తనూ సరోజమ్మనూ సాక్షులుగా పెట్టుకుని ప్రతిజ్ఞ చేశాను. లినక్స్ మానేస్తానని కాదు. అది ఈనాటికీ వాడుతున్నాను, దాని తప్పేం లేదు. నా కంఠంలో ప్రాణం ఉండగా మళ్ళీ పక్షి బొమ్మ గీయనని. గీయలేదు. మొన్న మా అమ్మాయి బడి నుంచి వచ్చి, "నాయనా, కాకి బొమ్మ గీసియ్యి, సులభమే" అంటే, లేచి నిలబడి రెండు చేతులూ జోడించి, వాళ్ళమ్మ దగ్గరికి పంపించాను.